పన్నెండు సూదులు

3, శుక్రవారం

ఈ ఏడాది డైరీలో గీతలు మరీ లేతగా వేశారు. ఆ అచ్చు వేసేవాళ్ళకి సిరా కూడా బరువైపోయినట్టుంది. అందుకే లావు స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. అంతే, ఇంకేం లేదు.

పద్నాలుగు, మంగళవారం, పొద్దున్న ఎనిమిదింటికి పరగడుపున రమ్మన్నారు కంటి ఆసుపత్రి వాళ్ళు. ముందు కుడి కన్ను, నెల తర్వాత ఎడమది. ఇప్పటికి రెండుసార్లు తప్పించుకున్నాను. మొదటిసారి బడి యూనిఫారాల పని ఉందన్నాను. రెండోసారి జలుబన్నాను. "శుక్లం ముదిరితే నాకూ కష్టం, మీకూ కష్టం. ఈసారి రాకపోతే నాది పూచీ కాదు" అంది డాక్టరమ్మ. చూద్దాం. సెలవు నుంచి వచ్చాక ఫోన్ చేసి ఇంకో రెండు నెలలు అడుగుతాను.

మా ఆయనకి చెప్పలేదు. అక్కకి అసలే చెప్పలేదు. పేరుకి తోడికోడళ్ళమే గానీ, ఇరవై మూడేళ్ళుగా ఒకే కుట్టు షాపులో ఎదురెదురుగా కూర్చున్న మనుషులం. కత్తిరింపూ మిషనూ అక్కవి. కాజాలు, హుక్కులు, అంచులు, చేతికుట్టంతా నాది. చేతికుట్టు కుట్టేదానికి చూపు పోతోందని తెలిస్తే ఏమంటుంది? ఇంట్లో కూర్చోమంటుంది. కూర్చుని ఏం చేయను? గోడలు చూడ్డానికైనా కళ్ళుండాలిగా.

అమ్మకి ఆపరేషన్ చేసినప్పుడు నాకు పదకొండేళ్ళు. కట్టు విప్పాక ఆ కన్ను మళ్ళీ పనిచేయలేదు. రెండోది అప్పటికే అంతంతమాత్రం. నాకు పెళ్ళయ్యేదాకా అమ్మ చెయ్యి నా ఎడమ భుజం మీదే. ఇప్పటికీ ఆ భుజం కాస్త దిగి ఉంటుంది. జాకెట్టు కుట్టుకున్న ప్రతిసారీ ఆ పక్క అర అంగుళం తగ్గించాలి.

రేపు పడవ. అయిదు రోజులు. బకెట్లో నీళ్ళు నిండుగా ఉంటే గుమ్మంలోనే నిలబడిపోయే మనిషి అక్క. ఆవిడ వెళ్ళి తెరచాప పడవలో మా ఇద్దరికీ చోటు చెప్పి వచ్చింది! పోయిన నెల పరుపుల గలీబులు కుట్టించుకున్న సరంగు గారి పడవ అది. ఇదేం బుద్ధక్కా అంటే "పుట్టింది, ఏం చేయను?" అంది.

4, శనివారం

పడవెక్కాం. నేనెక్కాను, అక్క జరిగింది. ఒడ్డు నుంచి పడవకి వేసిన పలక మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, అంగుళం అంగుళం జరుగుతూ వచ్చింది. సరంగు గారి భార్య రెండు చేతులూ పట్టుకుని "రండి, రండి, ఇంకొంచెం" అంటూ పసిపిల్లని నడిపించినట్టు లాక్కొచ్చింది. నాకు నవ్వాగలేదు. అక్క కళ్ళు తెరిచి నన్నో చూపు చూసింది. ఇంటికెళ్ళాక ఉంది నా పని.

పడవకి తొంభై ఏళ్ళట. అంతా చెక్క. ఎన్ని పూతలు వేశారో, చెయ్యి పెడితే తేనె రాసినట్టు నున్నగా జారుతోంది. కిందకి దిగితే చిన్న గది, అటో మంచం ఇటో మంచం, మేం కుట్టిన గలీబులే. ప్రతి సామానుకీ ఓ గూడు, ప్రతి గూటికీ ఓ గడియ. కప్పులు కూడా కొక్కేలకి వేలాడుతున్నాయి. మా షాపు ఇలా సర్దుకుంటే ఎంత బాగుంటుందో.

మెట్ల మీద ఒకసారి తూలాను. మెట్లకీ నేలకీ ఒకే రంగు వేస్తే ఎవరైనా తూలుతారు.

అక్క సూదుల దిండు కూడా తెచ్చింది. సెలవుల్లో ఇదెందుకంటే "గుడ్డన్నాక ఎక్కడైనా చిరుగుతుంది" అంది. పన్నెండు సూదులు, పన్నెండింటికీ దారాలెక్కించి. రెండేళ్ళుగా ఇదో చాదస్తం ఆవిడకి. నేను తొమ్మిదింటికి షాపుకి వెళ్ళేసరికి నా దిండు మీద పన్నెండు సూదులు తోకలేసుకుని సిద్ధంగా ఉంటాయి. ఎందుకంటే "కస్టమర్లు వస్తే చూడ్డానికి బాగుంటుంది" అంటుంది. సూదులు చూడ్డానికి ఎవరొస్తారమ్మా! సరే, నాకు పని తప్పుతోంది, నాకెందుకు?

5, ఆదివారం

ఎంత హాయిగా ఉందో ఎలా రాయను? ఇంజను లేదు, చప్పుడు లేదు. గోధుమరంగు చాపలు పైకి లేవగానే పడవ ఒక పక్కకి ఒరిగి బయల్దేరింది. కింద నీళ్ళు పట్టుబట్ట చింపుతున్నట్టు సర్రున చప్పుడు.

తీరం పొడుగునా పోతున్నాం. సముద్రంలో ఇంకో సుఖం ఉంది. దూరాన ఉన్నవన్నీ అందరికీ మసకే. సరంగు గారంతటి ఆయన కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని "అది దీపస్తంభమా, గుడిసెనా?" అన్నారు. ఆ ముక్క విని ప్రాణం లేచొచ్చింది. చాన్నాళ్ళకి నలుగురితో సమానంగా ఉన్నాను.

మధ్యాహ్నం సరంగు గారి భార్య "అదిగో, అదిగో, డాల్ఫిన్లు!" అని అరిచింది. నేనూ "అబ్బ, ఎంత బాగున్నాయో!" అన్నాను. అక్క సముద్రం వంక చూడకుండా నా వంక చూసింది. భయం వల్ల అయ్యుంటుంది. పొద్దున్నుంచీ తెరచాప కొయ్యని రెండు చేతులా వాటేసుకునే ఉంది పాపం. బావగారిని కూడా పెళ్ళిఫొటోలో అంత దగ్గరగా పట్టుకోలేదు.

6, సోమవారం

ఇవాళ నా పనితనం చూపించాను.

పొద్దున్న గాలి గట్టిగా కొట్టి, ముందరి చిన్న చాప కుట్టు వెంబడి చిరిగింది. చిరిగిందంటే గుడ్డ కాదు, రెండు పట్టీలు కలిపిన చోట మూరెడు పొడుగున పాత దారం చివికి విడిపోయింది. సరంగు గారు పడవని తీరంలో ఒక చిన్న వంపులోకి తిప్పి లంగరేశారు. "ఇద్దరు దర్జీలుండగా నాకేం లోటు?" అని పెద్ద సూదులు, మైనం పట్టించిన దారం, అరచేతికి తొడుక్కునే తోలు పట్టీ ఇచ్చారు. దాని మధ్యలో ఇనపబిళ్ళ, దానితో సూదిని నెట్టాలి. ఆయనా భార్యా చిన్న పడవేసుకుని మంచినీళ్ళకి ఒడ్డుకెళ్ళారు.

చాప పరిచి చూద్దును కదా, నవ్వొచ్చింది. రెండు పట్టీలూ సమంగా కూర్చోవు. మధ్యలో గుడ్డ బుడగలా ఉబ్బి ఉంది. ఎవడో తాగి కుట్టినట్టుంది అన్నాను. అక్క వంగి చూసి "పాత కుట్టు రంధ్రాలు కొంచెం వంపుగా పోతున్నాయే. వాటి మీదే వేద్దాం" అంది.

"తప్పు కుట్టు మీద మళ్ళీ తప్పు కుట్టేస్తామా? మన పేరేం కాను?" అన్నాను. అక్క "సరే, నీ ఇష్టం. చేతికుట్టు నీది" అంది.

గోధుమరంగు గుడ్డకి గోధుమరంగు రంధ్రాలు. ఎవరికి మాత్రం కనిపిస్తాయి?

ఉబ్బంతా లాగి, అంచు మీద అంచు సమంగా పెట్టి, తిన్నగా దారం పట్టినట్టు కుట్టుకుంటూ పోయాను. గుడ్డ మందం, సూది లావు, దారం లావు, చేతికి అన్నీ తెలుస్తున్నాయి. రెండు గంటల్లో అయిపోయింది. చెయ్యి పెట్టి రాస్తే ఇస్త్రీ చేసినట్టుంది. సరంగు గారు వచ్చేసరికి మడతపెట్టేశాం. ఆయన ఎంతో మర్యాదగా దండం పెట్టారు.

ఏమిటో అనుకుంటాం గానీ, నాకింకా ఏమీ కాలేదు. ఆసుపత్రికి మూడు నెలలు అడగొచ్చు.

7, మంగళవారం

నిన్న రాసిందంతా కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఇవాళ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండమూపు దాటి అవతలి రేవుకి చేరాలి. చాపలెత్తారు. పెద్ద చాప నిండింది. నేను కుట్టిన ముందు చాప మాత్రం నిండదే! పలకలా బిగుసుకుపోయి టపటపా కొట్టుకుంటోంది. పడవ ముందుకి పోకుండా పక్కకి జారుతోంది. రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ కొండ దగ్గరకొచ్చి వెనక్కి తిప్పారు. కింద నల్లటి రాళ్ళ మీద నురగ. అక్క కొయ్యని పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు తెల్లబడ్డాయి.

పొద్దుటి వంపులోకే తిరిగొచ్చి లంగరేశాక సరంగు గారు చాపని కిందకి దింపి, కుట్టు మీద వేలు పెట్టి చూశారు. "ఎవరిదమ్మా ఈ ఇస్త్రీ?" అన్నారు.

"నాదే" అన్నాను, గర్వంగా. ఇంకా తెలివి రాలేదు నాకు.

"చెల్లెమ్మా, చాపకి పొట్ట ఉండాలమ్మా. కావాలనే వంపుగా కుడతారు. పొట్ట లేకపోతే గాలి ఎక్కడ కూర్చుంటుంది?"

అక్క ఆ వణుకులోనే అంది, "ఇరవై మూడేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ పొట్టలు దాచిపెట్టడమే మా పని అన్నయ్యగారూ. పొట్ట కనిపిస్తే చేతులు ఊరుకోవు." సరంగు గారి భార్య చేతిలో టీ ఒలికేంత నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఎక్కడైనా దూరి దాక్కుందామా అనిపించింది. ఆ పడవలో దాక్కునే చోటు కూడా లేదు.

విప్పి మళ్ళీ కుట్టాలి. ఈసారి పాత రంధ్రాల్లోంచే, ఒక్కటి కూడా తప్పకూడదన్నారు సరంగు గారు. చాపని అడ్డకొయ్య మీద గోడలా వేలాడదీశారు. ఇవతల నేను, అవతల అక్క. నేను పొడిచిన సూదిని అక్క అందుకుని, పక్క రంధ్రంలోంచి తిరిగి నాకు పంపాలి. మంచి ఎండ. ఇంతకంటే వెలుతురు ఎక్కడా ఉండదు. దీపం బాలేదనీ, గీతలు లేతగా ఉన్నాయనీ చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. రంధ్రాలు కనిపించలేదు. ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు.

అయినా అందాజాగా పొడుస్తూనే ఉన్నాను. నాలుగోదో అయిదోదో పోటుకి సూది మెత్తగా దిగింది. అవతల నుంచి తిరిగి రాలేదు.

"అక్కా?"

"ఏం లేదు. ఒక్క నిమిషం ఆగు."

చుట్టూ తిరిగి వెళ్ళాను. చూపుడువేలు పట్టుకుని నిలబడింది. రక్తం చాప మీద కూడా పడింది. అది మాత్రం కనిపించింది నాకు, అంత ఎర్రగా ఉంది. ఇంత లావు సూది, గోటి పక్కనుంచి లోపలికి దిగింది. "అబ్బ" అని కూడా అనలేదు మహాతల్లి. తిట్టినా బాగుండేది.

"పద్నాలుగో తారీకు వెళ్తావా, మళ్ళీ జలుబు చేస్తుందా?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఆసుపత్రి వాళ్ళు షాపు నంబరుకే చేస్తారు కదే. ఫోను నా మిషను పక్కనుంటుంది. మూడుసార్లూ నేనే ఎత్తాను."

"మరి ఒక్క మాట అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా. చెప్తావని చూశాను."

"అంటే ఈ మధ్యే తెలిసిందన్నమాట."

"ఈ మధ్యా! రెండేళ్ళ కిందట తెల్లచొక్కాకి లేతపసుపు దారంతో గుండీలు కుట్టావు చూడు, ఆ రోజు తెలిసింది. మర్నాటి నుంచే కదే సూదులు ఎక్కించి పెడుతున్నాను."

కస్టమర్లు చూడ్డానికట. రెండేళ్ళు నమ్మాను. కాదు, నమ్మినట్టు నాకు నేనే చెప్పుకున్నాను. ప్రతిరోజూ తయారుగా ఉన్న సూది తీసుకుంటూ ఆవిడకి చాదస్తమని నవ్వుకున్నాను. ఏడుపు ఆగలేదు. అక్కడే తాళ్ళ చుట్ట మీద కూలబడి ఏడ్చాను. సరంగు గారు మర్యాదగా మొహం తిప్పుకుని చుక్కాని తుడుచుకున్నారు. అది పొద్దున్నే తుడిచారు.

అమ్మ సంగతంతా చెప్పాను. భుజం సంగతి కూడా. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అక్క వింటూ, వేలు నోట్లో పెట్టుకుని, నా ఎడమ భుజం వంక చూసింది. "అదా సంగతి. నీ జాకెట్టు కత్తిరించినప్పుడల్లా, వీళ్ళ వంశంలోనే ఇంతేమో అనుకున్నాను" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది.

తర్వాత అంది, "నాకు నీళ్ళంటే ఎంత భయమో తెలుసుగా?"

"తెలుసు."

"నాలుగు రోజులుగా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇందాక ఆ రాళ్ళు చూసి పోయాననుకున్నాను. ఎందుకొచ్చానంటావు? నీ ఎదురుగా కూర్చుని భయపడకే అని చెప్పాలంటే నాకో మొహం ఉండాలి కదా. నేను పడవెక్కాను. నువ్వు ఆపరేషన్ బల్లెక్కలేవా?"



ఆవిడ వేలికి నేనే గుడ్డ చుట్టాను. మళ్ళీ మొదలుపెట్టాం. "కళ్ళతో వద్దు, గోటితో వెతుకు" అంది. చిటికెనవేలి గోరుతో గుడ్డ మీద రాస్తూ పోతే, నిజమే, రంధ్రం దగ్గర గోరు తట్టుకుంటోంది. వంపు కూడా చేతికి తెలుస్తోంది, మధ్యలో వదులుగా, చివర్లలో బిగువుగా. ఎవడో తాగి కుట్టాడన్నాను చూడండి, ఎంత బాగా కుట్టాడో ఆ మహానుభావుడు! ఎండ వాలేలోపు అయిపోయింది.

8, బుధవారం

నిండింది. ముందు చాప గుండ్రంగా, నెలలు నిండినదానిలా, గాలిని పట్టుకుని నిలబడింది. ఒక్క ఊపున కొండమూపు దాటేశాం. "ఇదీ పొట్టంటే!" అని సరంగు గారు కేకేశారు. మూలన అక్క రక్తపు మరక కడుగుతానంటే వద్దన్నారు. పడవకి గుర్తు ఉండాలట.

అక్క కొయ్య మీంచి ఒక చెయ్యి తీసింది. ఒకటే. ఆ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. తీరం వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. నాకు డాల్ఫిన్లు కనిపించలేదని అప్పుడు చెప్పాను. "నేనూ చూడలేదు, ఒకటే కళ్ళు మూసుకున్నాను" అంది. అబద్ధం. నన్నే చూసింది ఆ రోజు.

ఈ అయిదు రోజులూ ఎవరికి ఎంత రుణపడ్డానో తెలీదు. గాలికి, సరంగు గారికి, ఆయన భార్య పెట్టిన వేడి టీకి, అన్నిటికీ. దిగేటప్పుడు కూడా అక్క పలక మీద కూర్చునే జరిగింది. ఈసారి నేను నవ్వలేదు. ముందు నడిచి చేతులందించాను.

9, గురువారం

మా ఆయనకి చెప్పాను. "నాకు తెలుసు, వదిన చెప్పింది" అన్నారు. ఈ ఊళ్ళో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

12, ఆదివారం

భయంగా ఉంది.

13, సోమవారం

ఫోను చేతిలోకి తీసుకున్నాను. నంబరు కనిపించక కాదు, అది నోటికొచ్చు. పెట్టేశాను. మళ్ళీ తీసుకున్నాను. పెట్టేశాను.

పలక మీద అక్క జరగడం తలుచుకున్నాను.

15, బుధవారం

కట్టు విప్పారు. మొదట వెలుగు. తర్వాత కిటికీ. తర్వాత అక్క మొహం.

అక్క ముసలిదైపోయింది! కళ్ళ కింద, నోటి పక్కన ఎన్ని ముడతలో. ఎవరూ నాకు చెప్పలేదే! "ఏమిటలా చూస్తున్నావు?" అంది. "ఏం లేదక్కా, బాగున్నావు" అన్నాను. ఇది మాత్రం అబద్ధం కాదు.

అమ్మకి కూడా ఇలా కనిపించి ఉంటే.

20, సోమవారం

ఇంట్లోనే. ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. రామరామ, ఇవేం అక్షరాలు! ఒక్కోటి వంకాయంత. ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కింది. గీతలు మాత్రం నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అచ్చువాళ్ళని అనవసరంగా తిట్టాను.

27, సోమవారం

షాపుకి వెళ్ళాను. తొమ్మిదింటికి.

నా దిండు మీద సూదులున్నాయి, దారాలు లేవు. అక్క మిషను మీంచి తలెత్తకుండా "ఇంక నీవి నువ్వే ఎక్కించుకో తల్లీ" అంది. సూది తీసి, దారం కొస తడిచేసి, పెట్టాను. ఒక్కసారికే దూరింది. పక్కషాపు వాళ్ళు వచ్చేంత కేక పెట్టాను.

తర్వాత కూర్చుని ఆవిడ వంక చూశాను. ఇప్పుడు కనిపిస్తోంది కదా, ఏదైనా చూస్తున్నాను. మిషను సూదిలో దారం తెగింది. అక్క కళ్ళజోడు పైకి తోసింది, కిందకి దించింది, వెనక్కి వంగింది, ముందుకి వంగింది. దారం పక్కనుంచి పోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది. ఆరోసారికి ఎక్కింది. ఒక్క సూది.

మధ్యాహ్నం బావగారు అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చారు. వీధిలోకి తీసుకెళ్ళి అడిగాను, అక్క రోజూ ఎన్నింటికి బయల్దేరుతుందని. "ఏడింటికమ్మా. రెండేళ్ళ నుంచీ అంతే. షాపులో ఏదో సర్దే పని ఉంటుందంటుంది" అన్నారు.

ఏడింటికి. నేను తొమ్మిదింటికి. మధ్యలో రెండు గంటలు, పన్నెండు సూదులు.

28, మంగళవారం

ఏడింటికి ముందే వెళ్ళి షాపు తెరిచాను. మిషను సూదిలో దారం ఎక్కించాను. ఆవిడ దిండు తీసి పన్నెండు సూదులకీ ఎక్కించి వరసగా గుచ్చాను. పది నిమిషాలు పట్టలేదు.

ఏడుంబావుకి అక్క వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. మిషను చూసింది, దిండు చూసింది.

"ఏమిటే ఈ చాదస్తం?" అంది.

"ఏం లేదక్కా. కస్టమర్లు వస్తే చూడ్డానికి బాగుంటుందని" అన్నాను.